మూడు తాళాల రౌటర్

"ఈసారి ఎవర్నీ చంపక్కర్లేదు," అన్నాడు చీఫ్. "ఒక అపార్ట్‌మెంటులో అందరికీ కలిపి వైఫై పెట్టాలి. అంతే."

ఏజెంట్ చెదకి ఒళ్ళు మండిపోయింది. ఏ గోడలోకైనా చప్పుడు లేకుండా దూరిపోతాడని చీఫే పెట్టిన కోడ్ నేమ్ అది. ఎంబసీల్లో మైకులు పాతినవాడు, పరిగెత్తే రైల్లోంచి దూకినవాడు, ఇప్పుడు వైఫై పెట్టాలట!

"అది కేబుల్ వాడి పని కదా సార్?"

"కేబుల్ వాడి వేషంలోనే వెళ్తున్నావు. ముందు ఇది చూడు." చీఫ్ టేబుల్ మీదుగా ఒక ఫోటో తోశాడు.

కళ్ళజోడు పెట్టుకున్న నడివయసావిడ, చేతిలో కూరగాయల సంచి. చెద కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఆవిడ కోడ్ నేమ్ అక్కయ్య. శత్రుదేశపు రక్షణ శాఖలో టైపిస్టుగా ఉంటూ ఇన్నేళ్ళుగా మనకి కబుర్లు పంపుతున్న మనిషి. చెదకి ఈ విద్య నేర్పింది ఆవిడే. ఒకసారి సరిహద్దులో కాలికి బుల్లెట్ తగిలి అతను పడిపోతే, తిట్టుకుంటూ వీపున మోసుకొచ్చింది కూడా ఆవిడే.

"ఈ ఫోటో, ఆవిడ అడ్రసు మన రికార్డు రూములోంచి పోయాయి," అన్నాడు చీఫ్. "వాటిని కొట్టేసిన గూఢచారుల ముఠా, ఆ రింగు, నువ్వెళ్ళే బిల్డింగులోనే ఉంది. ఫైల్ ఇంకా దేశం దాటలేదు. బయటికెళ్ళే ప్రతి లైను మీదా మన ఫిల్టర్ ఉంది, పంపితే దొరికిపోతామని వాళ్ళకి తెలుసు. దాటిందో, గంటలో అక్కయ్య తలుపు కొడతారు. ఆవిడంతట ఆవిడ మనతో మాట్లాడేదాకా మనం హెచ్చరించే దారి కూడా లేదు."

"అయితే వైఫై దేనికి?"

"బిల్డింగంతటికీ ఒకే కనెక్షన్. లైను డిపార్ట్‌మెంటుది, బాక్సు డిపార్ట్‌మెంటుది. ఎవడేం పంపినా నీ వాచీలో కనిపిస్తుంది. ఐడియా మన డబుల్ ఏజెంటుది. టాప్ ఫ్లోర్‌లో ఉంటుంది. రింగులో చేరినట్టు నటిస్తోంది. నువ్వు 'సిగ్నల్ ఎలా ఉంది?' అనాలి. ఆమె 'గోడలు మందం' అంటుంది."

చెద పొట్టకి దూదిమూట కట్టుకున్నాడు. మీసం అతికించుకున్నాడు. కెమెరా దాచిన స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని, భుజాన వైరు చుట్ట వేసుకుని బయల్దేరాడు.

ఎంబసీలోకి దూరడం తేలిక. ఆ బిల్డింగు మీటింగులో కూర్చోవడమే నరకం.

మెట్ల కింద ప్లాస్టిక్ కుర్చీలేసి కూర్చున్నారు అందరూ. రౌటర్ ఎవరింట్లో పెట్టాలన్నది మొదటి ప్రశ్న. అందరికీ తమ ఇంట్లోనే కావాలి. కానీ దానికి వెళ్ళే వైరు మాత్రం తమ గోడ మీంచి పోకూడదు. మొదటి అంతస్తు డెంటిస్టు, నోట్లో టూత్‌పిక్ ఆడిస్తూ, తనకి పేషెంట్లున్నారు కాబట్టి ఎక్కువ స్పీడు కావాలన్నాడు. కింద వాటాలో బట్టలు కుట్టే టైలరమ్మ లేచింది.

"నీ పేషెంట్ల పళ్ళు ఇంటర్నెట్టుతో పీకుతావా ఏంటి? అందరికీ ఎంతో నీకూ అంతే!"

"మాటలు తిన్నగా రానివ్వండి!"

"ఎవరికీ ఒక చుక్క ఎక్కువ రాకూడదు," అన్నాడు సెక్రటరీ, బట్టతల తుడుచుకుంటూ. "నాకు రాని స్పీడు ఇంకెవడికైనా వచ్చిందో, లైను పీకి పారేస్తా. ఎవరికీ వద్దు!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం మొత్తమ్మీద వాళ్ళంతా ఒప్పుకున్నది ఆ ఒక్క మాటే. చెద చుట్టూ చూశాడు. గోడ మీద ఎవడో ఉమ్మిన మరక, మూల చెత్త బుట్ట, ఆ కంపు పీలుస్తూ స్పీడు గురించి కొట్టుకుంటున్న పెద్దమనుషులు. ఛీ, వీళ్ళ కోసమా ప్రాణాలకి తెగించి పనిచేసేది అనుకున్నాడు.

చివరికి రౌటర్ మెట్ల దగ్గర పెట్టాలన్నారు, మందపాటి ఇనప పెట్టెలో, బ్యాటరీతో సహా. సెక్రటరీ ఒక్కడి దగ్గరే తాళం చెవి ఉంటే డెంటిస్టు ఒప్పుకోడు. డెంటిస్టు దగ్గరుంటే టైలరమ్మ ఒప్పుకోదు. అందుకని పెట్టెకి మూడు తాళాలు, తలా ఒక చెవి. ముగ్గురూ కలిసి వస్తేనే తెరుచుకుంటుంది. ఆ ముగ్గురూ కలిసి ఒకచోట నిలబడింది ఆ బిల్డింగు చరిత్రలోనే లేదు.

మర్నాడు అతను టాప్ ఫ్లోర్ బెల్ కొట్టాడు. పట్టు గౌను, ఎర్రటి గోళ్ళు, గది నిండా సెంటు వాసన.

"సిగ్నల్ ఎలా ఉంది మేడమ్?"

"గోడలు మందం." ఆమె నవ్వింది. "మందం గోడలకే కాదు, మనుషులకి కూడా. మీటింగులో మీకు చుక్కలు కనిపించి ఉంటాయి."

"మీరు రాలేదేం?"

"ఆ గుంపులోకా? థూ! వాళ్ళ చెప్పుల చప్పుడు వింటేనే నాకు డోకొస్తుంది."

ఇన్నాళ్ళకి తన మనసులో మాట ఇంకొకరి నోట విన్నాడు చెద. ప్రాణం లేచొచ్చింది. ఆమె ఇచ్చిన కాఫీ తాగాడు. రౌటర్ కంట్రోల్ తనకీ ఉంటే రింగు మీద కన్నేసి ఉంచుతానంటే, పాస్‌వర్డు ఇచ్చేశాడు. ఇన్నేళ్ళ సర్వీసులో అంత వెధవ పని ఇంకోటి చెయ్యలేదు.

తర్వాత నాలుగు రోజులూ వాచీలో పనికొచ్చేదేమీ కనిపించలేదు. ఐదో సాయంత్రం వాచీ మణికట్టు మీద వణికింది. పెద్ద ఫైల్. బయటికి పోతోంది. టాప్ ఫ్లోర్ నుంచి.

చెద మెట్ల మీదే ఆగిపోయాడు. డిపార్ట్‌మెంటు లైను! దేశంలో ప్రతి లైను మీదా ఫిల్టర్ ఉంది, డిపార్ట్‌మెంటు లైను మీద తప్ప. సొంత లైనుని ఎవరు అనుమానిస్తారు? ఆమెకి కావలసిన దారి అదొక్కటే. దాన్ని తీసుకొచ్చి ఆమె గుమ్మంలో పెట్టింది తనే. లైను కట్ చెయ్యబోయాడు. పాస్‌వర్డు మారిపోయి ఉంది. పెట్టె మీద మూడు తాళాలు వేలాడుతున్నాయి. ఒక్కొక్కరినీ బతిమాలి చెవులు పోగుచెయ్యాలంటే తెల్లారిపోతుంది. పైకి పరిగెత్తాడు.

తలుపు తెరిచే ఉంది. ఆమె చేతిలో సైలెన్సర్ పిస్టల్.

"కూర్చో," అంది. "వస్తావని తెలుసు."

టేబుల్ మీద లాప్‌టాప్. డెబ్బై శాతం.

"అక్కయ్యని చంపుతున్నావు," అన్నాడు చెద.

"టైపిస్టుని. అటువాళ్ళు ఆ టైపిస్టుకి చాలా పెద్ద విలువ కట్టారు. చివరి ముక్క చేరితే గానీ ఫైల్ తెరుచుకోదు. అందాకా నువ్వూ నేనూ కబుర్లు చెప్పుకుందాం."

"నీ మొహం చూస్తూనా? కింద ఆ చెత్త బుట్టే నయం."

డెబ్బై ఐదు. చెద జేబులో ఫోను మోగింది. ఆగకుండా మళ్ళీ మోగింది. బిల్డింగు వైఫై గ్రూపు. 'వీడియో తిరుగుతూనే ఉంది', 'ఆ వైఫై అబ్బాయి ఎక్కడ చచ్చాడు?', 'పైకెళ్ళడం చూశా, నేనూ వస్తున్నా.'

ఆమె మొహం చిట్లించింది. "ఆ దరిద్రులు ఇక్కడికొస్తారా ఏంటి? రావద్దని చెప్పు. నాకు చూపించి పంపు. తేడా వస్తే కాలుస్తా."

చెద టైపు చేశాడు. ఆమె భుజం మీంచి ప్రతి అక్షరం చదివింది.

'ఎవరూ పైకి రావద్దు. కంగారు పడకండి. ప్రస్తుతం టాప్ ఫ్లోర్ మేడమ్ గారికి మాత్రమే ఫుల్ స్పీడు వస్తోంది. మిగతావారు దయచేసి కాస్త ఓపిక పట్టండి.'

ఆమె మరోసారి చదివింది. తప్పేమీ కనిపించలేదు. మర్యాదగా, నిజంగానే ఉంది. "పంపు," అంది. మీటింగులో ఒక్క పావుగంట కూర్చున్న మనిషైతే ఆ మాట అనేది కాదు.

ఫోను మూగబోయింది. కింద ఎక్కడో తలుపు ధడాలున తెరుచుకుంది. ఇంకోటి. ఇంకోటి. ప్రతి ఇంట్లో టీవీ ఆన్ అయింది. చేతికందిన ఫోనల్లా తీసి, చూసినా చూడకపోయినా వీడియోలు పెట్టేశారు. తమ వాటా పైవాళ్ళకి పోవడమా!

ఎనభై తొమ్మిది దగ్గర ఫైల్ నత్తనడక పట్టింది.

"ఏం చేశావు?"

"నీ ముందే కదా టైపు చేశాను."

తొంభై ఆరు. మెట్ల కింద కేకలు. డెంటిస్టు గొంతు: "నా పేషెంట్లు ఎదురుచూస్తుంటే ఆవిడకి ఫుల్ స్పీడా!" టైలరమ్మ గొంతు: "నీ తాళం తియ్యవయ్యా ముందు! నాది తీసేశాను!" తొంభై ఎనిమిది. అక్కయ్య ఈపాటికి ఆఫీసు నుంచి ఇంటికి చేరి ఉంటుంది, సంచిలో కూరగాయలతో. తొంభై తొమ్మిది.

"పీకెయ్యండి!" సెక్రటరీ అరుపు బిల్డింగంతా మోగింది. "నాకు రానిది ఎవరికీ వద్దు!"

లాప్‌టాప్ తెర మీద గీత ఆగిపోయింది. 'కనెక్షన్ లేదు.'

ఆమె నోరు తెరుచుకుని తెర వైపు చూసింది. ఆ క్షణం చాలు. చెద స్క్రూడ్రైవర్‌తో ఆమె మణికట్టు మీద కొట్టాడు. పిస్టల్ సోఫా కిందకి పోయింది. వైరు చుట్టతో ఆమెని కుర్చీకి కట్టేసరికి గుమ్మం నిండా జనం.

"ఈవిడేనా మన స్పీడంతా మింగింది?" అంది టైలరమ్మ. కట్టేసిన మనిషినిగానీ, నేల మీద పడ్డ మీసాన్నిగానీ ఎవరూ పట్టించుకోలేదు. డెంటిస్టు లాప్‌టాప్‌లోకి తొంగిచూసి, "అబ్బ, తొంభై తొమ్మిది! మాకు పది కూడా రాదు," అన్నాడు.

చెద ఆ మొహాలన్నీ చూశాడు. తనకంటే వేలరెట్లు నేర్చిన అక్కయ్య ప్రాణం ఈ ఏడుపుగొట్టు మొహాల వల్ల నిలబడింది. దండం పెట్టాలో, కక్కుకోవాలో తెలియలేదు.

వారం తర్వాత చీఫ్ గదిలోకి పిలిచాడు. మేడమ్ నోరు విప్పడంతో రింగు మొత్తం దొరికింది. అక్కయ్య తనంతట తనే డిపార్ట్‌మెంటుతో మాట్లాడింది, ఇక ఆ దేశంలో ఉండటం మంచిది కాదని వెనక్కి రప్పించారు. పక్క గదిలో టీ తాగుతోంది. చెద తలుపు సందులోంచి ఒక్కసారి చూసొచ్చాడు. కళ్ళు తుడుచుకున్నాడు, ఎవరూ చూడలేదనుకుని.

"నీ మీద కంప్లయింటు వచ్చింది," అన్నాడు చీఫ్. "బిల్డింగు వాళ్ళందరూ కలిసి. నెట్ పోయిందట, నీ అంత దద్దమ్మని చూడలేదట."

"అందరూ కలిసా! దేని మీదో ఒకదాని మీద కలిశారు, సంతోషం."

"సరే, అది వదిలెయ్. అక్కయ్య ఇక రిటైర్ అవుతుంది. కొత్త పేరుతో, ఎవరూ వెతకని చోట ఒక ఇల్లు చూడాలి." చీఫ్ గడ్డం గోక్కున్నాడు. "ఆ టాప్ ఫ్లోర్ ఎలాగూ ఖాళీ అయింది కదా?"

చెద లేచి నిలబడ్డాడు.

"సార్, అంతకంటే ఆ మిగిలిన ఒక్క శాతం కూడా మనమే పంపించేద్దాం."