నెమ్మది బండి

ఈసారి కూడా కూర్మారావు బండి చెల్లెలి ఊరు ఇసకపాలెం దాకా పోదని పక్కింటి పైడమ్మ కొళాయి దగ్గర పదిమందిలో అందట. పోయినేడు గెడ్డ వంతెన దగ్గరే వెనక్కి తిరిగొచ్చేసిందని, అంటే చెల్లెలి కడుపులో మంట ఇంకా చల్లారలేదని, బండికి తెలిసినంత మనిషికి తెలియదని కూడా అందట. ఈ కబురంతా భార్య వరహాలమ్మ ఉప్మా పళ్ళెంతో పాటు తెచ్చి అతని ముందు పెట్టింది. తన మాటగా ఒక్కటే కలిపింది. ఇవాళ పది గంటలకల్లా వెళ్ళకపోతే ఇక ఎప్పుడూ వెళ్ళనక్కర్లేదంది.

నిజమే. చెల్లెలు దమయంతి కూతురికి మూడో ఏడు నడుస్తోంది. ఇవాళ పుట్టువెంట్రుకలు. పిల్ల మేనమామ ఒళ్ళో కూర్చోవాలి, మొదటి కత్తెర మేనమామే వెయ్యాలి. పదింటికి అన్నయ్య రాకపోతే మరిది ఒళ్ళో కూర్చోబెడతానని, ఆపైన పుట్టింటి పేరే ఎత్తనని ఆమె కబురంపింది.

దారి పద్దెనిమిది కిలోమీటర్లు. ఏడింటికే బండెక్కాడు.

పెట్రోలు వాసన పోయి ముప్పై ఏళ్ళయింది. ఈ తీరం పొడుగునా ఇప్పుడు అందరివీ నెమ్మది బళ్ళే. తొక్కడం మనిషి పని, దారి ఎంచడం బండి పని. పిడికి తొడిగిన నాడిపట్టు తొక్కేవాడి అరచేతి చెమటనూ గుండె వేగాన్నీ చదువుతుంది. ఏ దారిలో గుండె గాభరా పడుతుందో ఆ దారి నుంచి ముందు చక్రాన్ని మెల్లగా పక్కకు తిప్పేస్తుంది. గుండెపోట్లు సగానికి తగ్గిన మాట కాదనలేం. అయితే దాన్ని చేసినవాళ్ళు ఊహించనిది ఒకటి జరిగింది. ఎవరింటి ముందు బండి తిరిగిపోతే వాళ్ళ మనసులో విషముందని ఊళ్ళు తీర్మానించేసుకున్నాయి. ఈ బళ్ళు వచ్చిన రెండేళ్ళలోనే ఎంతమంది వియ్యంకుల వాకిళ్ళ ముందో గడ్డి మొలిచింది.

సముద్రం వెంబడి మొదటి పది కిలోమీటర్లూ హాయిగా సాగాయి. ఇసకలో వలలు ఆరుతున్నాయి. మొగలి పొదల మీంచి ఉప్పుగాలి కొడుతోంది. జీడితోటల్లోకి మళ్ళి, దూరాన వాగు మీద గెడ్డ వంతెన కనబడగానే బండి గొంతు సవరించుకుంది.

"మీ నాడి నూట పది దాటింది. మీ నెమ్మది కోసం దారి మారుస్తున్నాను."

"నా నెమ్మది సంగతి నిన్నెవడు అడిగాడే?" అన్నాడు కూర్మారావు.

బండి మర్యాదగా క్షమించమని అడిగి, మర్యాదగానే అతన్ని కొబ్బరితోటల్లోకి ఈడ్చుకుపోయింది. చుట్టూ తిప్పి మళ్ళీ సముద్రం ఒడ్డున వదిలింది. రెండోసారి పళ్ళు బిగించి, అమ్మ పాడే ఊయల పాట తలుచుకుంటూ తొక్కాడు. పాటతో పాటు అమ్మ కూడా గుర్తొచ్చింది. అమ్మ పోయిన రోజున, అప్పట్లో దూరపు ఊళ్ళో ఉండే దమయంతి ఆరుగంటల ప్రయాణంలో ఉంది. ఎండ ముదురుతోందని ఎవరో అన్నారు. కూర్మారావు ఆగలేదు, నిప్పు పెట్టేశాడు. ఆమె వచ్చేసరికి బూడిద మీద నీళ్ళు చల్లుతున్నారు. ఆమె ఏడ్చింది గానీ అతన్ని ఒక్క మాట అనలేదు. నూట ఇరవై, అని మళ్ళీ పక్కకు తిప్పేసింది బండి.

మూడోసారి దిగి తోశాడు. చక్రం బిగుసుకుపోయింది. బండిని తన్ని, వదిలేసి, నడిచి పోదామని వంతెన మీదికి పది అడుగులు వేశాడు. అవతల ఇంకా నాలుగు కిలోమీటర్లు. అక్కడే ఆగాడు. మీరు నన్ను మరిచిపోయారని బండి వెనక నుంచి పిలుస్తోంది. తిరిగొచ్చి వంతెన పక్క చప్టా మీద కూలబడ్డాడు.

అక్కడ చెట్టు కింద ముసలి గవరయ్య గునపానికి గుచ్చి కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు. సంగతంతా విని, అవతల కోపం ఉన్నప్పుడు బండి మాత్రం ఏం చేస్తుంది బాబూ అన్నాడు. ఆ మాటకు కూర్మారావుకి ఒళ్ళు తేలికైంది. తన వంతు తను ప్రయత్నించాడు. మూడుసార్లు. అంతకన్నా ఎవడు చేస్తాడు?

పావు తక్కువ పదికి వంతెన దాటి ఒక నెమ్మది బండి వచ్చి వాళ్ళ ముందు ఆగింది. తొక్కినది దమయంతి. వెనక సీట్లో పిల్ల, జుట్టు కళ్ళ మీద పడి ముడులు కట్టి ఉంది. ముందు బుట్టలో పసుపు, కుంకుమ, గుడ్డలో చుట్టిన కత్తెర.

కూర్మారావు లేచి నిలబడ్డాడు. గడగడా చెప్పుకుపోయాడు. పొద్దున్నే బయల్దేరానన్నాడు, గవరయ్యని అడగమన్నాడు, పాడు బండి మూడుసార్లు తిప్పేసిందన్నాడు. చివరికి నేల చూస్తూ అసలు మాట అనేశాడు.

"నీకింకా నా మీద కోపం పోలేదు దమయంతీ. బండికి తెలిసిపోతోంది. అది తిరిగిపోతే నన్నేం చెయ్యమంటావు?"

గవరయ్య కాయ ఒలవడం ఆపాడు. దమయంతి పిల్లను దింపి, చెమట తుడుచుకుంది.

"నాదీ అదే బండి అన్నయ్యా. నీ దగ్గరికి తిన్నగా వచ్చింది."