మామ్మ గోడకు ఎన్ని చుక్కలు

ఆ రోజు ఇంట్లో మామ్మ, నాన్న, మందార పిన్ని, తరళ ఉన్నారు. అమ్మ కూరగాయల శాలలో పనికి వెళ్ళింది. నడిగదిలో గోడ మీద బొమ్మలు అచ్చువేసే చూపుముద్రణి కూడా ఉంది. దాన్ని కనిపెట్టింది పిన్నే. అందుకే తరళ దాన్ని యంత్రంలా కాక, ఇంటికొచ్చిన గొప్ప చుట్టంలా చూస్తోంది.

వీళ్ళుండే అంగారకుడి మీద ఇళ్ళకు కిటికీలు ఉండవు. ధూళికాలం వస్తే కరెంటంతా గాలి యంత్రాలకే పోయి, తెరలన్నీ నల్లబడతాయి. అందుకని అక్కడివాళ్ళు గోడ నిండా బొమ్మ అచ్చు వేయించుకుంటారు. ఇంటికి ఒక్క గోడకే సిరా ఇస్తారు. చెడితే మళ్ళీ దొరకదు.

మామ్మ కోరుకున్న బొమ్మ, తాను భూమిని విడిచి సముద్రపొడ్డున అంతరిక్ష ఓడ ఎక్కిన రోజుది. ఫొటోలు లేవు. ఆమె చెప్పిన మాటలకు పాత గుర్తింపు కార్డుల్లోని ముఖాలు చేర్చి కంప్యూటర్ ఆ దృశ్యాన్ని కల్పించింది.

"కంప్యూటర్ బొమ్మకు ఇంతే వివరం అని హద్దు లేదు తరళా. ఎన్ని చుక్కలు అడిగితే అన్నీ లెక్కగట్టి ఇస్తుంది. ఎన్ని కావాలో తేల్చుకోవడమే కష్టం," అంది పిన్ని.

దూరం నుంచి చూసే గోడకు అంగుళానికి యాభై చుక్కల రిజల్యూషన్ చాలు. ముఖం ఆనించి చూడాలంటే మూడువందలు కావాలి. ఆ సన్నని చుక్కలకు సిరా ఎక్కువ పడుతుంది కాబట్టి గోడంతా అలా వేయలేరు. చూపుముద్రణి ముందుగా బొమ్మను వెలుగుతో గోడ మీద చూపి, ఇంటివాళ్ళ కళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయో గమనించి, చోటుకు తగినట్టు చుక్కలు పంచుతుంది. ఇంత తెలివి పిన్నికి ఎక్కడినుంచి వచ్చిందా అని తరళకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

గోడ మీది వెలుగుబొమ్మను అందరూ చూశారు. అది ఆరిపోయాక యంత్రం పలికింది. "ఆకాశానికి ముప్ఫై. ఓడకు యాభై. ఎడమ మూల నిలబడిన అమ్మాయికి మూడువందలు."

మామ్మ ఉలిక్కిపడింది. ఆ అమ్మాయి ఆమె చెల్లెలు పైడమ్మ. ఓడ మెట్ల దాకా వచ్చి, అక్క చెయ్యి విడిపించుకుని వెనక్కి వెళ్ళిపోయింది. ఆ తర్వాత భూమినుంచి చెల్లెలి పలకరింపులు ఎన్ని వచ్చినా మామ్మ జవాబివ్వలేదు.

"దానికా మూడొందలు? దాని మొహం నాకెందుకే! నేను కుర్చీలో కూకుని ఓడని సూస్తాను. దాన్ని మచ్చలాగ ఉంచండి సాలు."

"మచ్చ మాత్రం ఎందుకమ్మా? చెరిపించేద్దాం," అన్నాడు నాన్న.

"నోర్ముయ్‌రా!"

పిన్ని నవ్వు ఆపుకుని తరళ వైపు చూసింది. ఈసారి యంత్రం నడిపే పని తరళకే అప్పగించింది. "మార్చాలంటే ఇప్పుడే మార్చాలి."

అంకె తగ్గిస్తే పైడమ్మ ముఖం నాలుగు చుక్కల్లో కలిసిపోతుంది, ఇక ఎప్పటికీ రాదు. తగ్గించకపోతే మామ్మ కోపం. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పి ఎరగని తరళ గుసగుసగా అడిగింది. "పిన్నీ, ఇది పొరపాటు పడుతుందా?"

"కళ్ళను చూడటంలో ఇంతవరకూ పడలేదు. నోటి సంగతి నాకు తెలీదు."

తరళ ఏ అంకె మార్చకుండా మీట నొక్కేసింది.

యంత్రం చేతులు గోడ మీద అటూ ఇటూ కదులుతుంటే సముద్రం మెల్లగా పైకి వచ్చింది. మొరటు చుక్కల ఆకాశం దూరానికి పొగమంచులా మెత్తగా కనిపించింది. నాన్న కూడా నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

"బాగుందే! ఇక్కడ్నించి సూస్తే అదీ మచ్చలాగే ఉంది," అంది కుర్చీలోంచి మామ్మ.

నాన్న, పిన్ని భోజనానికి వెళ్ళారు. తరళ మాత్రం తలుపు దగ్గర ఆగిపోయింది. మామ్మ లేచి గోడ దగ్గరకు నడిచింది. ముక్కు తగిలేంత దగ్గరకు వెళ్ళింది. అక్కడ కనురెప్పల వెంట్రుకలు, ముక్కుపుడక, సగం మొలిచిన మొటిమ కూడా ఉన్నాయి.

"మామ్మా, నేను మార్చలేదు..."

మామ్మ వినిపించుకోలేదు. "ఇంత సిన్నపిల్లవేటే పైడీ అప్పుడు!" అంది గోడతో.

కాసేపటికి ఆమెకు మనవరాలు గుర్తొచ్చింది.

"నువ్వింకా ఇక్కడే ఉన్నావేటే? పో, పోయి తిను."

భుజం పట్టి తరళను బయటికి నడిపించి, తలుపు వేసేసుకుంది.