బకీజియో గొర్రెలు

నువోరో పట్టణంలో అపరాధ పరిశోధకుడు ప్రియామో దెయానా గదికి మెట్లెక్కి వచ్చిన ముసలామె, కుర్చీ చూపించినా కూర్చోలేదు. శాలువాలోంచి చిన్న గుడ్డమూట తీసి బల్ల మీద పెట్టింది. సహాయకుడు అంతియోకో దాన్ని విప్పి, చప్పున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అందులో కోసిన గొర్రె చెవి ఉంది.

"పొద్దున మా గడప మీద పెట్టి పోయారు. నోరు మూసుకోమని," అందామె.

ఆమె పేరు బొనారియా. ఆమె తమ్ముడు బకీజియో కొండ మీద ఒంటరిగా గొర్రెలు కాసుకునేవాడు. పది రోజుల కిందట, సోమవారం మునిమాపు వేళ ఆమె రొట్టె పట్టుకుని వెళితే గుడిసె తలుపుకి కాగితం గుచ్చి ఉంది. 'ఈ పొద్దున మొదటి బస్సుకి పోతున్నాను. బెల్జియం గనుల్లో పని దొరికింది. వెతకొద్దు.' ఊరంతా నమ్మింది. ఆ ఏడు ఇంటికొకడు అలాగే పోతున్నాడు.

"మా అన్నలిద్దరూ ఆ బస్సెక్కినవాళ్ళే. పోయేవాడు ఎలా పోతాడో నాకు తెలుసు బాబూ. నాతో చెప్పకుండా వాడు పక్క ఊరికి కూడా పోడు."

ఆ సాయంత్రం చూసినదంతా చెప్పమన్నాడు దెయానా. చెప్పడానికేం లేదందామె. పొయ్యి చల్లగా ఉంది. దొడ్డిలో గొర్రెలు వదులైన పొదుగులతో, నెమరేస్తూ పడుకున్నాయి. వాటిని చూసి తమ్ముడు దగ్గర్లోనే ఉన్నాడనుకుంది. ఆ తరువాతే కాగితం కనబడింది. దాంతో మిగతాదంతా మరిచిపోయింది.

పొద్దున్నే కొండెక్కాలన్నాడు దెయానా అంతియోకోతో.

మరునాడు వాళ్ళు కొండెక్కారు. దొడ్డి పక్కనే మూడు వేల ఏళ్ళనాటి రాతి బురుజు నల్లగా నిలబడి ఉంది. దాని వెనక రాయిలో తొలిచిన పాతకాలపు సమాధులు. వాటిని దేవకన్యల ఇళ్ళంటారు. ఊళ్ళోవాళ్ళెవరూ అటు పోరు. గాలి కూడా అక్కడ ఆగిపోయినట్టనిపించింది అంతియోకోకి. వాటిలో ఒకదాని వాకిలికి రాళ్ళు పేర్చి ఉన్నాయి.

"కొండ మీది రాళ్ళన్నిటికీ పసుపు పాచి పైన ఉంది. వీటికి అడుగున ఎందుకుందోయ్?" అన్నాడు దెయానా. ఈమధ్యే ఎవరో తిరగేసి పేర్చినట్టున్నారన్నాడు అంతియోకో.

తరువాత ముగ్గురిని ప్రశ్నించారు. పాత వస్తువులు సేకరించే కసూలా దాచకుండా చెప్పాడు. బకీజియోకి బురుజులో జానెడు కంచు వీరుడి బొమ్మ దొరికింది, అడిగితే అమ్మనన్నాడు, మ్యూజియానికి ఇస్తానన్నాడు. బొనారియా భర్త సిస్తో బొమ్మ అమ్మమని బావమరిదితో పోట్లాడాడు. సీసా బిరడాల కోసం బెండు చెట్ల బెరడు తీస్తుంటే గొడ్డలి జారిందని రెండు వారాలుగా అతని కుడిచేతికి కట్టు ఉంది. మూడోవాడు పక్క మంద కాపరి జోసిమో, బకీజియో చిన్ననాటి స్నేహితుడు. బొనారియా అడిగితే మంగళవారం నుంచి ఈ గొర్రెల్నీ చూస్తున్నాడు. సోమవారం ఇటు వచ్చారా అంటే ముగ్గురూ రాలేదన్నారు.

"పట్నం దొరగారికి గొర్రెకి ముందేదో వెనకేదో తెలుసా?" అని నవ్వాడు జోసిమో.

"మా నాన్న కాపరేనయ్యా. పాలు వెనక నుంచి పితకాలని నేర్పాడు."

మధ్యాహ్నం దెయానా అందరినీ ఆ రాళ్ళ వాకిలి ముందుకు పిలిచాడు. ఇద్దరు పోలీసులు కూడా వచ్చారు.

"ఈస్టరుకి గొర్రెపిల్లలన్నిటినీ కోసేశారు. తాగే పిల్లల్లేవు. బకీజియో పొద్దున బస్సుకి పోయుంటే, మునిమాపుకి పొదుగులు రాయిలా బిగిసి మంద గోల పెట్టాలి. ఈమె వచ్చేసరికి అవి ఖాళీగా ఉన్నాయి. అంటే సాయంత్రం ఎవరో పాలు పితికారు. మంచికి పితికినవాడైతే ఆ మాట దాచడు. బకీజియో రాడని ముందే తెలిసినవాడే దాస్తాడు. కసూలాకి పాలు పితకడం రాదు. సిస్తో చెయ్యి కట్టులో ఉంది."

అందరి కళ్ళూ జోసిమో మీదికి తిరిగాయి.

"మనిషిని చంపి ఊరుకోగలిగావు. గొర్రెలు అరుస్తుంటే ఊరుకోలేకపోయావు," అన్నాడు దెయానా మెల్లగా.

జోసిమో తన చేతుల వంక చూసుకున్నాడు. "మధ్యాహ్నం నుంచీ అరుస్తున్నాయయ్యా. వింటూ ఎట్లా కూచోను?"

మిగతాది తలొంచుకుని చెప్పాడు. ఆదివారం రాత్రి బొమ్మలో సగం అడిగాడు. బకీజియో కాదన్నాడు. చేతిలో కర్ర ఉంది. కాగితమూ, గడప మీది చెవీ తన పనే.

"వాడేమన్నా అన్నాడా?" అని అడిగింది బొనారియా.

"లేదక్కా. వెంటనే పోయాడు."

పోలీసులు రాళ్ళు తీశారు. పిల్లలు దూరేంత వాకిలి. లోపలికి వంగబోయిన పోలీసుని పక్కకి జరిపి, బొనారియా మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళింది. అంతియోకో ఆమె వెంట కదలబోతే దెయానా చెయ్యి అడ్డం పెట్టాడు.

లోపలి చీకట్లో శాలువా పరిచిన చప్పుడయింది. కాసేపటికి ఆమె గొంతు వినబడింది, బస్సు దగ్గర నిలబడి చెబుతున్నట్టు.

"వెళ్ళిరా నాన్నా."