తల ఊపడానికి వచ్చిన బావమరిది

ఆదివారం పొద్దున లేస్తూనే కూర్మయ్య బావమరిదికి పాఠం మొదలెట్టాడు.

"బైరాగీ, కాసేపట్లో త్యాగరాజుగారొస్తారు. ఆయనేటి అడిగినా తల ఊపు. నోరు మాత్రం ఇప్పకు."

బైరాగి బుద్ధిగా తల ఊపాడు. అతనికది అలవాటే. అక్క తవిటమ్మ పెళ్ళైనప్పటినుంచీ గార్డెన్ రీచ్ డాక్ క్వార్టర్సులో అతను మూగవాడు.

నిజానికి బైరాగి నోరు విప్పితే ఆపడం ఎవరి తరమూ కాదు. కానీ విప్పితే సవర యాస బయటపడుతుంది. దాంతో తవిటమ్మది సీతంపేట కొండల్లోని నేరెడిగూడ అనీ, ఆమె సవర గిరిజనుల పిల్ల అనీ అందరికీ తెలిసిపోతుంది. పెళ్ళినాడు తల్లి నారాయణమ్మకు భయపడి కూర్మయ్య "టెక్కలి పిల్ల, మన కులమే" అని చెప్పేశాడు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. అబద్ధం మాత్రం రిటైరవకుండా ఇంకా డ్యూటీ చేస్తూనే ఉంది. పాపం, కాలనీ అంతా బౌది, అంటే వదినా, అని పిలిచే పక్కింటి బెంగాలీ ఆవిడ బైరాగి వచ్చినప్పుడల్లా మాట రావాలని కాళీఘాట్ నుంచి ఓ తాయెత్తు తెచ్చి మెడలో కట్టేది.

కూర్మయ్య మాత్రం ఈ నెలాఖరుకు రిటైరవుతున్నాడు. క్వార్టరు ఖాళీ చెయ్యాలి. సంత్రాగాఛిలో రెండు గదుల ఇల్లు కొనాలని అతని పట్టుదల. అందుకోసం తవిటమ్మకు తండ్రి కొండవాలులో ఇచ్చిన జీడితోట అమ్మేద్దామన్నాడు. యూనియన్ మీటింగుల్లో ఎర్రజెండా పట్టుకుని దున్నేవాడిదే భూమి అని గొంతు చించుకునే మనిషి, ఆ తోటను సాగుచేస్తున్న బావమరిది తల ఊపితే చాలనుకున్నాడు.

తవిటమ్మకు ఈ లోకంలో తనదంటూ ఉన్నది ఆ కొండవాలు ఒక్కటే. అమ్మొద్దని చెప్పాలని నోటిదాకా వచ్చింది. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి, అది చెప్పాలంటే తనెవరో చెప్పాలి. కూతురు భానుమతికే తెలియని సంగతి అది. ఉప్మా కలుపుతూ అన్నీ మింగేసింది.

జీడిపప్పు వ్యాపారి త్యాగరాజు వచ్చి కుర్చీలో కుదురుగా కూర్చున్నాడు.

"అడుగుతున్నానని ఏమీ అనుకోకండి కూర్మయ్యగారూ. తోట ఏజెన్సీలో ఉంది. అమ్మగారి తరఫువాళ్ళు గిరిజనులు కారు కదా? గిరిజనుల భూమి కొంటే 1/70 చట్టం నా పీకకు చుట్టుకుంటుంది."

"అబ్బే! టెక్కలి వోళ్ళండీ మా వోళ్ళు. ఏటి బైరాగీ?"

బైరాగి తల ఊపాడు. ఊపుతూ అక్కవైపు చూశాడు. తవిటమ్మ చూపు దించుకుంది.

అంతలో భానుమతి టీ పట్టుకొచ్చింది. ఆమె భవానీపూర్‌లో ఒక వకీలు దగ్గర జూనియరు.

"ఏక్టు దాఁడావ్ నాన్నా, ఆగు! గిరిజనులు కాకపోయినా ఈయనకి అమ్మలేం. ఏజెన్సీలో భూమి ఎవరిదైనా గిరిజనులకే అమ్మాలంట. మా సీనియర్ దగ్గర కూర్చుని ఆ చట్టం మొత్తం చదివాను."

"మరి గిరిజనులదైతే?" అన్నాడు త్యాగరాజు.

"అప్పుడూ అంతే."

కూర్మయ్యకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "అటైనా ఇటైనా ఒకటేనా?"

"ఒకటే."

"ఓలమ్మో! మరి మీ అమ్మ సవర పిల్లన్న మాట ఇన్నేళ్ళూ కడుపులో దాసుకుని నానేటి బాగుపడ్డానే?"

మాట జారిందని కూర్మయ్యకు అందరికంటే ఆలస్యంగా తెలిసింది. ముందుగా బైరాగి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నన్ను మూగోడ్ని సేసి నువ్వే వాగీసినావేటి బావా!"

కిటికీ అవతల పక్కింటి బౌది చేతిలో గిన్నె జారవిడిచింది. "ఓ మా! కొథా బోల్ఛే!" అంటూ, మూగవాడికి మాటొచ్చిందని కాళీఘాట్ దిక్కుకు దండాలు పెడుతూ వీధిలోకి పరుగెత్తింది. త్యాగరాజు టీ సగంలో వదిలేసి, చెప్పులు తొడుక్కుని, మరి వస్తానన్నాడు.

భానుమతి తల్లి పక్కన కూలబడింది. "అమ్మా, నాక్కూడా సెప్పనేదేటి?"

తవిటమ్మకు ఇక దాచుకోవలసింది ఏమీ మిగల్లేదు.

"మీ నాన్న నన్ను బాగా సూసుకున్నాడు. కొట్టనేదు, తిట్టనేదు. కానీ మా ఊరి పేరు ఈ ఇంట్లో ఒక్కపాలి ఇనబడనేదు. మా అమ్మ పోయిందని కబురొచ్చిన నాడు, ఏడుపులో మా మాటలు ఎక్కడ బయటికొచ్చేస్తాయో అని నోట్లో కొంగు కుక్కుకున్నాను. తల్లి కోసరం మనసారా ఏడవనేదు నాను."

ఆ రోజు కిటికీ తలుపులు మూసింది తనే అని కూర్మయ్యకు గుర్తొచ్చింది. ఈదురుగాలి వస్తోందని సాకు కూడా చెప్పాడు. సిగ్గుతో అతని తల వాలిపోయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇప్పుడు నన్నేటి సెయ్యమంటావే?"

"నాను తోట అమ్మను. అక్కడికే ఎల్లిపోదాం."

కూర్మయ్య ముక్కు తుడుచుకుని కూతురివైపు చూశాడు. "అక్కడ నా పేర ఒక్క సెంటైనా..."

"రాదు నాన్నా. నువ్వు గిరిజనేతరుడివి."

"ఈ వయసులో ఇల్లరికమా!"

"నేల రాదు గానీ బావా, అరుగు మీద మంచం ఏస్తాను," అన్నాడు బైరాగి.

అప్పటికే బౌది కాలనీని గుమ్మం ముందు నిలబెట్టింది. ఏ దేవుడి మహిమో చెప్పమని అందరూ అడుగుతున్నారు. కూర్మయ్య లేచి గడపలోకి వెళ్ళాడు. బైరాగి ఎప్పుడూ మూగవాడు కాడనీ, అతన్ని మూగవాణ్ణి చేసింది తనేననీ వచ్చీరాని బెంగాలీలో ఒప్పుకున్నాడు.

"మరి తవిటమ్మ వాళ్ళది టెక్కలి కాదా, దాదా?" అంది బౌది.

కూర్మయ్య గొంతు సవరించుకున్నాడు.

"కాదు. నేరెడిగూడ. మా ఇంటిది సవర పిల్ల."

లోపల తవిటమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆ మాట ఆమెకు స్పష్టంగానే వినిపించింది.

"గట్టిగా సెప్పయ్యా," అంది. "ఎనకున్నోలకి ఇనబడనేదు."