అక్క వద్దన్న వరుడు

అన్యాయం జరిగింది ఎవరికి? చెల్లెలికి. చేసింది సొంత అక్క. సంబంధం మాట్లాడటానికి వచ్చిన కళ్లద్దాల దుకాణదారు తనను కాక చెల్లెలిని కోరుకున్నాడు. ఆ అవమానం భరించలేక, “నేనే వద్దన్నాను” అని అక్క అందరికీ చెప్పింది. సంబంధం నడిపి, నిజం తెలిసిన ఒక్క మేనత్తా నోరు విప్పకుండానే కన్నుమూసింది. ముప్పై ఏళ్లుగా చెల్లెలు, అక్క విడిచిన మనిషితో కాపురం చేస్తున్నాననే నమ్మింది.

ఇప్పుడు చెల్లెలి కాలు విరిగింది. అవివాహితగానే రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ అక్క, పది రోజులు ఇల్లు చూసుకోవడానికి వచ్చింది. మొదటి ఉదయం కాఫీ అందిస్తుండగా, మరిది పేపరు చదువుతూనే అలవాటుగా ఆమె కళ్లజోడు తీసి, మెత్తని గుడ్డతో తుడిచి, తిరిగి పెట్టబోతూ కొయ్యబారిపోయాడు.

“అయ్యో వదినగారూ! రోజూ మీ చెల్లెలికి తుడిచి పెడతాను... ఏదో ధ్యాసలో...”

“ముందు పెట్టవయ్యా. నాకేమీ కనిపించడం లేదు.”

ఆమె వంటింట్లోకి వెళ్లి కాసేపు గోడవైపు తిరిగి నిలబడింది. తాను బతకని బతుకు ఒక్క క్షణం ముఖాన్ని తాకి వెళ్లింది. తర్వాత పంచదార డబ్బాలో ఫ్రేముల స్క్రూలు కనబడి, ఆ మైకం చాలావరకు దిగిపోయింది.

పదో రోజు ఉదయం చెల్లెలు మంచం మీదినుంచి అంది: “ఇల్లు ఎంత చక్కబెట్టావక్కా! ఇదంతా నీది కావలసింది. నువ్వు కాదంటేనే నాకు దక్కింది.”

“కాదనలేదే.”

“ఏంటి?”

“నన్నెవరూ అడగలేదు. అతను కోరింది నిన్నే. నేను అబద్ధం చెప్పాను.”

చెల్లెలి ముఖం పాలిపోయింది. “ముప్పై ఏళ్లక్కా! ఆయన ఊరికే కిటికీలోంచి చూసినా నిన్నే తలుచుకుంటున్నారని కుమిలిపోయాను. ఏమండీ! ఇలా రండి. ఆవేళ మీరు ఎవర్ని అడిగారు?”

“నిన్నే. తలుపు చాటునుంచి చూసి కిసుక్కుమన్నావుగా! ఇప్పుడెందుకే ఆ గొడవ? అందరికీ తెలిసిందేగా?”

చెల్లెలు వెక్కి వెక్కి ఏడ్చింది. అక్క క్షమించమని అనలేదు. ఫోను తీసుకుని, ఆనాడు అబద్ధం విన్నవారిలో మిగిలిన ప్రతి ఒక్కరికీ చెప్పింది: అన్నయ్యకు, పిన్నికి, పాత పొరుగువారికి. ప్రతిసారీ అదే వాక్యం, స్పష్టంగా.

“ఇక చాలక్కా, పరువు పోతుంది,” అంది చెల్లెలు.

“పోవలసిందే. ఇంకొకరున్నారు.”

ఆఖరి ఫోను, ఆ అబద్ధాన్నే నిజమని వింటూ పెరిగిన చెల్లెలి కూతురికి. అంతా విని ఆ పిల్ల అడిగింది:

“అయితే పెద్దమ్మా, నాన్నకు మొదటినుంచీ...”

“మొదటినుంచీ మీ అమ్మే. వేరే ఎవరూ లేరు.”

మంచం మీద చెల్లెలు చేతులు చాచింది. అక్క ఫోను పెట్టేసి, ముప్పై ఏళ్లలో మొదటిసారి తల ఎత్తుకుని ఆ చేతుల్లోకి వెళ్లింది.