పప్పుగుత్తితో మెదిపిన ఆపిల్

"ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇరవై మూడు!"

శనివారం మధ్యాహ్నం. ఫ్లోరా ఫ్రిజ్ ముందు నిలబడి స్టార్లు లెక్కపెడుతోంది. పొద్దుటి నుంచి ఇది ఐదోసారి. లెక్క మారలేదు, ముచ్చట కూడా తీరలేదు.

ఫ్రిజ్ తలుపు మీద ఒక చార్టు, దాంట్లో నలభై గళ్ళు. ఈస్టర్ ముందు వచ్చే తపస్సు కాలం కోసం చర్చిలో సిస్టర్ ఫ్లోరెన్స్ పిల్లలందరికీ ఇచ్చారు. ఆ నలభై రోజులూ ఎవరికి ఇష్టమైనది వాళ్ళు ఒకటి మానెయ్యాలి. మానేసిన రోజు రాత్రి గడిలో బంగారు రంగు స్టార్ అంటించాలి. గళ్ళన్నీ నిండినవాళ్ళు ఈస్టర్ పూజలో కానుకల పళ్ళెం పట్టుకుని అందరికంటే ముందు నడవచ్చు.

ఫ్లోరా తీపి మానేసింది. చాక్లెట్ లేదు, రసగుల్లా లేదు, పాలల్లో చక్కెర కూడా లేదు. ఐదో తరగతి పిల్లకి అదేమైనా మాటలా! అన్నయ్య రోనాల్డ్ మొబైల్ గేములు మానేస్తానని ఊరంతా చెప్పుకున్నాడు. నాలుగో రోజుకే వాడి చార్టు మంచం కిందకి వెళ్ళిపోయింది.

"నువ్వు నలభై పూర్తి చేస్తే నేను పేరు మార్చేసుకుంటా," అన్నాడు రోనాల్డ్.

"ఏం పేరు పెట్టుకుంటావో ఇప్పుడే ఆలోచించుకో," అంది ఫ్లోరా.

లోపలి గదిలోంచి అమ్మ గొంతు వినబడింది. "అత్తమ్మా, రెండు చెంచాలైనా తాగండి."

"నాకేటొద్దమ్మా. ఆ గిన్నె తీసుకెల్లిపో."

అది మామ్మ గొంతు. మామ్మ పేరు త్రేసమ్మ. మూడు రోజుల క్రితం డాక్టరు ఆమె కింది పళ్ళు ఆరు పీకేశారు. పది రోజులు మెత్తటివే తినాలి, కారం ముట్టకూడదు అన్నారు. కారం లేకుండా ముద్ద దిగని మనిషి మామ్మ. జావ ఇస్తే మొహం తిప్పుకుంటుంది. పెరుగన్నం ఇస్తే ఆకలి నేదంటుంది.

ఆ పొద్దున్న మామ్మ బాత్‌రూమ్‌కి వెళ్తూ కళ్ళు తిరిగి గోడ పట్టుకుంది. ఫ్లోరా చూసింది. అమ్మ డాక్టరుకి ఫోన్ చేస్తే, "ఈ రోజు కూడా ఏమీ తినకపోతే రేపు తీసుకొచ్చెయ్యండి, సెలైన్ పెట్టాలి," అన్నారు. సెలైన్ అంటే సూది. మామ్మకి సూది అంటే ఫ్లోరా కంటే ఎక్కువ భయం.

ఫ్లోరా ఫ్రిజ్ తలుపు తెరిచింది. నాన్న సాక్చి మార్కెట్ నుంచి తెచ్చిన ఆపిల్స్ ఎర్రగా కూర్చుని ఉన్నాయి. మామ్మకి ఆపిల్ అంటే ప్రాణం. కానీ కొరకడం ఎలా?

"అమ్మా! నేను మామ్మకి ఆపిల్‌సాస్ చేస్తాను. వీడియోలో చూశాను."

"ఏటే అది?" అని లోపల్నించి మామ్మ అడిగింది. దవడ వాచి ఉండడంతో మాట సగమే బయటికొస్తోంది.

"ఆపిల్ ఉడకబెట్టి మెత్తగా చేస్తారు మామ్మా."

"ఓలమ్మో, దానికంత పేరెందుకే? నీకు పళ్ళు రానప్పుడు రోజూ సేసి పెట్టాను గదే. తొక్క తీసి, గింజలు తీసి, సన్న మంట మీద మూతెట్టు. ఉడికినాక పప్పుగుత్తితో మెదుపు. సిన్న బెల్లం ముక్క ఎయ్యి."

"పప్పుగుత్తి ఎందుకు మామ్మా? మిక్సీ హై నా! దో మినిట్ మే హో జాయేగా!"

"తెలుగులో సెప్పవే గుంటా." గుమ్మం దాటితే అంతా హిందీయే, అందుకే పిల్లల నోట అదే ముందు వచ్చేస్తుంది.

"మిక్సీ ఉంది కదా! రెండు నిమిషాల్లో అయిపోద్ది అంటన్నాను."

అమ్మ వంటింట్లోకి వచ్చింది. పేరు ప్రసన్న, పనిచేసేది స్కూల్లో. శనివారం వచ్చిందంటే వారం పనంతా ఆమె నెత్తిన పడుతుంది. ఫ్లోరా ఆపిల్స్ కోసి ఇస్తే అమ్మ స్టవ్ మీద పెట్టింది. ముక్కలు మెత్తబడ్డాక స్టవ్ ఆపేసి, ఆరిన బట్టలు తేవడానికి డాబా మీదకి బయల్దేరింది.

"చల్లారనిచ్చి అప్పుడు మిక్సీ తిప్పు. మామ్మకి ఇచ్చే ముందు రుచి చూడు. ఆ ఆపిల్స్ కొన్ని పుల్లగా ఉన్నాయి," అంది వెళ్తూ.

"ఊఁ," అంది ఫ్లోరా.

సింకు పక్కన మిక్సీ జారు నీళ్ళలో నానుతోంది. పొద్దున్న అమ్మ దాంట్లోనే పండుమిరప పచ్చడి రుబ్బింది. ఫ్లోరా ఆ నీళ్ళు పారబోసింది. కుళాయి కింద పెట్టి రెండుసార్లు తిప్పింది. అంతే, కడిగేసినట్టే! ఆపిల్ ముక్కలు వేసింది, బెల్లం వేసింది, బర్రుమని తిప్పింది. మెత్తటి గుజ్జు వచ్చింది. కొంచెం గులాబీ రంగులో ఉంది. ఎర్ర ఆపిల్ కదా, అలాగే ఉంటుంది అనుకుంది.

చెంచాతో తీసి నోటి దగ్గరికి తెచ్చింది. అప్పుడు కళ్ళు చార్టు మీద పడ్డాయి.

ఇందులో బెల్లం ఉంది. బెల్లం అంటే తీపి. ఒక్క చుక్క తిన్నా తిన్నట్టే. ఇరవై నాలుగో స్టార్ పోతుంది.

ఫ్లోరా చెంచా మళ్ళీ గిన్నెలో పెట్టేసింది. వీడియోలో ఉన్నట్టే ఉంది, బాగానే ఉంటుందిలే అనుకుంది. ఇంత కమ్మటి వాసన వస్తున్నా రుచి చూడని పిల్ల తాముండే సోనారి పేట మొత్తంలో తనొక్కతే ఉంటుందని కూడా అనుకుంది.

మామ్మ మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుంది. మనవరాలు గిన్నె పట్టుకుని వస్తుంటే వాచిన మొహంలోనే నవ్వింది.

"నోరు తెరువు మామ్మా. ఆఁ!"

మామ్మ నోరు తెరిచింది. చెంచా లోపలికి వెళ్ళింది. మామ్మ కళ్ళు ఒక్కసారి పెద్దవయ్యాయి. వెంటనే మూసుకుంది.

"బాగుందా?"

మామ్మ తల ఊపింది. "బాగున్నాదే," అంది. గొంతు సన్నగా వచ్చింది.

ఫ్లోరా పొంగిపోయింది. ఇంకో చెంచా నిండుగా తీసింది. మామ్మ దాన్ని చూసింది, ఫ్లోరా మొహం చూసింది. మళ్ళీ నోరు తెరిచింది.

అంతే. మామ్మ కళ్ళలోంచి నీళ్ళు జలజలా కారిపోయాయి. చెంప పట్టుకుని లేచి, గోడ తడుముకుంటూ సింకు దగ్గరికి వెళ్ళింది. పుక్కిలించింది, మళ్ళీ పుక్కిలించింది. పుండు మీద పడింది కదా మరి!

"క్యా హువా? ఏమైంది?" అంటూ రోనాల్డ్ పరుగెత్తుకొచ్చాడు. గిన్నెలో వేలు పెట్టి నాకాడు. "అరే! ఇస్మే మిర్చీ హై! కారం ఉందే ఇందులో!"

అమ్మ బట్టలు సోఫా మీద పడేసి, మామ్మకి చల్లటి పాలు పట్టించింది. తర్వాత మిక్సీ మూత తిప్పి చూసింది. రబ్బరు సందులో ఎర్రగా పచ్చడి ఉంది. బ్లేడు కింద కూడా ఉంది.

"జారు తోమకుండా వదిలెయ్యడం నా తప్పే," అంది అమ్మ. "కానీ ఫ్లోరా, రుచి చూడమన్నాను కదా?"

ఫ్లోరా చార్టు వైపు చూసింది. "నేను తీపి మానేశాను కదమ్మా," అంది నెమ్మదిగా.

అమ్మ కూడా చార్టు వైపు చూసింది. తిట్టలేదు. తిట్టి ఉంటేనే బాగుండేది అనిపించింది ఫ్లోరాకి.

"పిల్లనేటనకమ్మా," అంది మామ్మ మంచం మీంచి. తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది. అమ్మ జావ తెస్తే తల కూడా తిప్పలేదు. రేపు ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందేనేమో అని అమ్మ నాన్నకి ఫోన్‌లో చెబుతోంది.

ఫ్లోరా వెళ్ళి మంచం అంచున కూర్చుంది. మామ్మ కాళ్ళు నొక్కింది.

"మామ్మా, కారంగా ఉందని చెప్పొచ్చు కదా? రెండో చెంచా ఎందుకు తిన్నావు?"

"నువ్వు అంత ముచ్చటగా సేసుకొచ్చావు. ఎలా సెప్పనే?"

ఫ్లోరాకి ఏడుపొచ్చేసింది. మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. "నాకు పెట్టేటప్పుడు నువ్వెలా చేసేదానివి?"

"నీకా?" మామ్మ ఇటు తిరిగింది. "ముందు నా నాలిక మీదేసుకునేదాన్ని. కాలతందా, పులుపుందా అని సూసి, అప్పుడు నీ నోట్లో పెట్టేదాన్ని. గుడ్ ఫ్రైడే నాడు ఒక్కపొద్దున్నా అంతే."

"మరి ఉపవాసం పోదా?"

"పోతే పోయింది. నీ నోరు కాలనేదు గదా," అని మామ్మ కళ్ళు మూసుకుంది.

ఫ్లోరా లేచి వంటింట్లోకి వెళ్ళింది.

ఫ్రిజ్‌లో ఇంకా మూడు ఆపిల్స్ ఉన్నాయి. ఈసారి తొందరపడలేదు. గిన్నె తోమింది. పప్పుగుత్తి తోమింది. కడిగాక రెండూ వాసన చూసింది. తొక్క తీసి, గింజలు తీసి, ముక్కలు కోసింది. అమ్మ ఏమీ అడక్కుండా స్టవ్ సన్నగా వెలిగించి పక్కనే నిలబడింది. అరగ్లాసు నీళ్ళు పోసి మూత పెట్టారు. కాసేపటికి మూత అంచు నుంచి ఆవిరి, దాంతోపాటు కమ్మటి వాసన వచ్చాయి.

ముక్కలు మెత్తబడ్డాక, అమ్మ గిన్నె గట్టు మీదకి దించింది. ఫ్లోరా పప్పుగుత్తి రెండు చేతుల మధ్య పెట్టి తిప్పింది. అబ్బో, మిక్సీలా కాదు! చేతులు నొప్పెట్టాయి. ఒక ముక్కని మెదిపితే ఇంకో ముక్క తప్పించుకుంటోంది. ఒక్క పలుకు కూడా మిగలకుండా మెదిపేవరకూ వదల్లేదు.

బెల్లం ముక్క వేసి కలిపింది. ఊది ఊది చల్లార్చింది. చెంచాతో తీసుకుంది.

"అరే, తేరా స్టార్! నీ స్టార్ పోతుందే!" అని రోనాల్డ్ గుమ్మంలోంచి అరిచాడు. ఈసారి వాడి గొంతులో వెక్కిరింత లేదు. నిజంగానే కంగారుపడ్డాడు పాపం.

"పోతే పోయింది," అంది ఫ్లోరా. చెంచా నోట్లో పెట్టుకుంది.

కారం లేదు. కానీ పులుపు ఉంది. ఆ పులుపు పుండుకి తగిలితే మండదూ? ఇంకాస్త బెల్లం వేసింది. మళ్ళీ రుచి చూసింది. ఇంకా కొంచెం వేడిగా ఉంది. ఆగింది. మూడోసారి చూసింది. ఇప్పుడు బాగుంది.

ఫ్లోరా గిన్నె తీసుకుని గదిలోకి వెళ్ళింది. గిన్నె చూడగానే మామ్మ చెయ్యి దానంతటదే చెంప మీదకి వెళ్ళింది. అది చూసి ఫ్లోరాకి మనసు చివుక్కుమంది.

"ఆగు మామ్మా," అంది. మామ్మ చూస్తుండగా ముందు తనొక చెంచా తింది. మింగింది. నోరు తెరిచి చూపించింది. ఆ తర్వాత ఇంకో చెంచా తీసి మామ్మ ముందు పెట్టింది.

మామ్మ చెంప మీంచి చెయ్యి తీసేసింది. నోరు తెరిచింది.

ఒక చెంచా, రెండు చెంచాలు, పది చెంచాలు. గిన్నె ఖాళీ అయింది.

"అడుగున ఇంకేటన్నా ఉన్నాదేటే?" అని అడిగింది మామ్మ.

గుమ్మంలో నిలబడ్డ అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, నాన్నకి ఫోన్ చెయ్యడానికి వెళ్ళింది. రేపు సూది అక్కర్లేదు మరి.

ఆ రాత్రి ఇరవై నాలుగో గడి ఖాళీగా ఉండిపోయింది. దాన్ని చూస్తే ఫ్లోరాకి బాధ వేసింది, అబద్ధమెందుకు? కానీ స్టార్ల ప్యాకెట్ ముట్టుకోలేదు. మామ్మకి రోజూ ఆపిల్ కావాల్సి వచ్చింది. ఒకరోజు పుల్లది, ఒకరోజు చప్పనిది. రోజూ రుచి చూడాల్సి వచ్చింది. వరసగా ఏడు గళ్ళు ఖాళీ అయిపోయాయి.

చర్చిలో సిస్టర్ ఫ్లోరెన్స్ చార్టు చూసి, "ఇక్కడేమైంది ఫ్లోరా?" అని అడిగారు.

"మామ్మకి పెట్టే ముందు తీపి తిన్నాను సిస్టర్."

ఫ్లోరా జరిగినదంతా చెప్పింది, మిక్సీ మూత సంగతి కూడా దాచలేదు. సిస్టర్ విని, "కానుకల పళ్ళెం వేరేవాళ్ళు పట్టుకుంటారమ్మా మరి," అన్నారు మెల్లగా.

"తెలుసు సిస్టర్," అంది ఫ్లోరా. చార్టు జాగ్రత్తగా మడిచి బ్యాగులో పెట్టుకుంది.

డాక్టరు చెప్పిన పది రోజులూ గడిచాయి. పదకొండో రోజు మధ్యాహ్నం మామ్మ మంచం మీంచే కేకేసింది. "ఓలె ఫ్లోరా! ఆ పండుమిరప పచ్చడి, ఓ ముద్ద అన్నం అట్టుకురావే!"

ఫ్లోరా వేడి అన్నంలో పచ్చడి కొంచెం, నెయ్యి ఎక్కువ వేసి మెత్తగా కలిపింది. ముద్ద చేసి మామ్మ నోటి దగ్గరికి తీసుకెళ్ళింది. మామ్మ ఆశగా నోరు తెరిచింది.

"ఆగు మామ్మా, ఒక్క నిమిషం."

ఫ్లోరా ఆ ముద్దలోంచి నాలుగు మెతుకులు తీసి ముందు తన నాలుక మీద వేసుకుంది. మరుక్షణం చెవులు ఎర్రబడ్డాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఓలమ్మో!" అని నీళ్ళ కోసం వంటింట్లోకి పరుగెత్తింది. అక్కణ్ణించే అరిచింది. "మామ్మా! ఇంకో రెండ్రోజులాగు! ఆపిల్ కోసుకొస్తన్నా!"

మామ్మ బోసి చిగుళ్ళు కనిపించేలా పకపకా నవ్వింది.