ఖాళీ సాకెట్

లిఫ్ట్ తలుపులు తెరుచుకునేసరికి డాక్టరు నిలబడే ఉన్నాడు. ఎక్కబోయిన టైపిస్టు ఆయనకు నమస్కారం కూడా పెట్టింది. ఆయన తిరిగి పెట్టకుండా ముందుకు ఒరిగి ఆమె కాళ్ల దగ్గర కుప్పకూలాడు. మెడ వెనుక దోమ కుట్టినంత గాయం. లిఫ్ట్‌లో ఇంకెవరూ లేరు.

డాక్టరంటే మనుషుల డాక్టరు కాదు, డిపార్ట్‌మెంటులో కంప్యూటర్ల పొట్ట విప్పి జబ్బు చెప్పే చీఫ్ ఇంజనీరు. ఆ ఆఫీసులో ఎవరినీ సొంత పేరుతో పిలవరు. ఇంజనీర్లకు మారుపేర్లు, ఏజెంట్లకు వరసలు. బాస్ పెదనాన్న. శత్రువుల విందుల్లో పట్టుచీరలో మెరుస్తూ, వాళ్ల జీతం తీసుకుంటూ, వాళ్ల కబుర్లు ఇక్కడికి మోసుకొచ్చే డబుల్ ఏజెంటు వదిన. ఏ తాళాన్నైనా మాటల్లో పెట్టి తెరవగల మన హీరో మరిది. ఈ వరసలన్నీ కలపబోతే ఎంతటివాడికైనా మతిపోతుంది కాబట్టి ఎవరూ కలపరు.

డాక్టరు అంత్యక్రియలైన మర్నాడు పెదనాన్న మరిదిని పిలిపించాడు. బల్ల మీద ఒక చిన్న కంప్యూటరు మూత తీసి ఉంది. రెండు అరచేతులు పక్కపక్కన పెడితే సరిపోయేంత బుల్లి మెషిన్. పెదనాన్న పెన్సిలు మొనతో బోర్డు మూలను చూపించాడు. అక్కడ సన్నటి పళ్లతో రెండు సాకెట్లు. వాటిలో ఏ వైరూ లేదు, ఏ కార్డూ లేదు.

"ఇవెందుకున్నాయో ఎవరికీ తెలీదు" అన్నాడు.

ఆ సాకెట్ల కథ తెచ్చింది వదినే. ఆ మోడల్లో దాచిపెట్టిన ద్వారం ఉందని శత్రువుల ముఠా గుసగుసలాడుతోందట. ఫ్యాక్టరీని అడిగితే వాడుకలో లేనివని ఒక్క ముక్క రాసి ఊరుకుంది. రాబోయే మోడల్లో రెండో డిస్కు కోసమని ఆఫీసులో ఒకరన్నారు. టెస్టింగు కోసమని ఇంకొకరు. అవి చెవులని, లోపలి మాట బయటికి మోస్తాయని మూడోవాళ్లు. ఆ మూడో మాటకే పెదనాన్నకు నిద్ర పట్టకుండా పోయింది, ఎందుకంటే వైర్‌లెస్ రూమ్‌లో నడిచేవన్నీ ఆ మెషిన్లే. సరిహద్దు అవతల ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగే మనవాళ్లంతా మాట్లాడేది వాటితోనే. ఆ మాట ఒక్కసారి బయటికి పొక్కితే సాయంత్రానికి అవతల ఒక్కరూ మిగలరు.

పరీక్షించి చెప్పమని డాక్టరుకు అప్పగించారు. రిపోర్టు ఇవ్వడానికి వస్తూ ఆయన లిఫ్ట్‌లో పోయాడు.

"అంటే ఏదో కనిపెట్టాడు" అన్నాడు మరిది.

"కనిపెట్టాడు కాబట్టే పోయాడు. అందులో ఏం గుచ్చుతారో, ఎవరు గుచ్చుతారో నువ్వు తేల్చాలి."

తను చేతులు ముడుచుకుని కూర్చోలేదని కూడా పెదనాన్న చెప్పాడు. డాక్టరు ఉండగానే మాట్లాడిపెట్టిన ఒక ప్రైవేటు కంపెనీ ఇన్‌స్పెక్షన్ టీమ్ ఎల్లుండి వస్తోంది. వైర్‌లెస్ రూమ్ మెషిన్ల సీళ్లు తీసి, మూతలు విప్పి, ఆ సాకెట్లను జిగురుతో పూడ్చేస్తారు. ఆ సీళ్లు డాక్టరు స్వయంగా వేసినవి. వేసిన నాటి నుంచి ఒక్కటీ తెరవలేదు.

మరిది నెరిసిన మీసం పెట్టుకుని, లావుపాటి కళ్లద్దాలు తగిలించుకుని, కొత్త ఇంజనీరు వేషంలో డాక్టరు గదిలో చేరాడు. టై పిన్నులో కెమెరా ఉంది. దగ్గర్లో దొంగ సిగ్నలు ఉంటే గిలగిలలాడే వాచీ ఉంది. అది ఒక్కసారీ కదల్లేదు. డిపార్ట్‌మెంటు వాచీల్లో టైమైనా సరిగ్గా చూపించేవి తక్కువ కాబట్టి మరిది దాన్ని పట్టించుకోలేదు.

పట్టించుకోవలసి వచ్చింది గదినే. కుర్చీ దిండు ఇంకా డాక్టరు కూర్చున్నట్టే గుంట పడి ఉంది. కొక్కేనికి ఆయన కోటు. అటెండరు అలవాటు కొద్దీ ఆయన కప్పులోనే కాఫీ తెచ్చి, పెట్టబోయి, వెనక్కి తీసుకుపోయాడు. ఫోను మోగితే అవతల గొంతు "డాక్టరుగారేనా?" అంది. మరిది కాదనకుండానే ఫోను పెట్టేశాడు. బల్ల మీద ఆ బుల్లి మెషిన్ ఫ్యాను ఉండి ఉండి గరగరమని ఆగేది. చెడ్డ కబురు చెప్పే ముందు డాక్టరు గొంతు సవరించుకునేది కూడా అచ్చం అలాగే. ప్రతిసారీ మరిది తలెత్తి చూసేవాడు. భూతద్దం పెట్టి ఆ ఖాళీ పళ్లలోకి చూసిన కొద్దీ అక్కడేదో తననే చూస్తున్నట్టు అనిపించేది. తుపాకీ గొట్టం ముందు ఆవలించిన మనిషి, ఆ గదిలో పట్టపగలు భయపడ్డాడు.

సాయంత్రం గొడుగుల షాపులో వదినను కలిశాడు.

"ఈ గొడుగు ఎండకా, వానకా?" అన్నాడు.

"అడిగేవాళ్ల మొహాన్ని బట్టి" అంది వదిన. కోడ్ సరిపోయింది. "మీసం నీకు నప్పలేదు మరిదీ. పెళ్లిచూపులకు మాత్రం ఇలా వెళ్లకు."

సాకెట్ల మాట ఎలా వచ్చిందని అడిగాడు. ఎప్పుడూ ఒక్క కబురు రాబట్టడానికి నెల పట్టేదని, ఈసారి మాత్రం వాళ్లే వచ్చి చెప్పారని, ఒక విందులో చెప్పింది చాలనట్టు మరో విందులోనూ చెప్పారని ఆమె నవ్వింది. తనకు మతిమరుపని భయపడ్డారు కాబోలు అంది. మరిదీ నవ్వాడు. అప్పటికి అతని బుర్ర వెలగలేదు.

ఇన్‌స్పెక్షన్ రోజు పొద్దున్నే డాక్టరు కోటు ఇచ్చే నెపంతో ఆయన ఇంటికి వెళ్లాడు. డాక్టరు భార్య కోటు అందుకుని, ఒళ్లో పెట్టుకుని, ఊడిపోబోతున్న గుండీని చాలాసేపు తడిమింది.

"ఏం దొరికింది బాబూ, ఆ మెషిన్లో?" అంది చివరికి.

ఇంకా తేలలేదన్నాడు.

"అదేంటి. ఏమీ లేదని ఆయన చెప్పారుగా."

మరిది మంచినీళ్ల గ్లాసు కింద పెట్టాడు. "ఎప్పుడక్కా?"

"ఆ రోజు పొద్దున. ఫ్యాక్టరీలో టెస్టింగ్ అయ్యాక తీసెయ్యడానికి బద్ధకించి వదిలేశారట, అంతేనట. ఏమీ లేదంటే మా పెద్దాయన నమ్మడు, అయినా చెప్పేసి వస్తానన్నారు. ఆ విప్పేవాళ్లు ఎవరో ఉన్నారుగా, ఆ కంపెనీకి ముందు రోజే ఫోన్ చేసి, మీరిక రానక్కర్లేదని కూడా చెప్పారు."

"ఈ సంగతి మావాళ్లకు చెప్పలేదా?"

"చెప్పాను బాబూ. ఆయన ఏం కనిపెట్టారని అడిగారు. ఏమీ లేదన్నారని చెప్పాను. పెన్ను మూసేసి వెళ్లిపోయారు."

మరిదికి అప్పుడు అర్థమైంది. డాక్టరును చంపింది రహస్యం తెలిసినందుకు కాదు, రహస్యం లేదని తెలిసినందుకు. సీలు వేసిన మూతలు తీసే దారి లేక ముఠా ఒక పుకారు పుట్టించింది. విప్పడానికి వచ్చే కంపెనీ కూడా వాళ్లదే, రానక్కర్లేదని డాక్టరు ఫోన్ చేసింది వాళ్లకే. ఆ చావుతో పుకారు నిజమై కూర్చుంది. ఇప్పుడు పెదనాన్న తన చేత్తోనే మూతలు విప్పించి, ఆ ఖాళీ సాకెట్లను వాళ్లకు అప్పగిస్తున్నాడు. వాటిలో వాళ్లు పెట్టబోయేది జిగురు కాదు.

కారులోంచి పెదనాన్నకు ఫోన్ చేశాడు. ఆయన వైర్‌లెస్ రూమ్‌లో ఉన్నాడు. ఆ గదిలోకి ఫోన్లు పోవు. తర్వాత వదినకు చేశాడు.

"అంతా అబద్ధం వదినా. మాకు చేరాలనే నీకు చెప్పారు."

అవతల గ్లాసుల చప్పుడు వినిపించింది. తర్వాత ఆమె గొంతు గుసగుసగా వచ్చింది. "అంటే నా సంగతి వాళ్లకు తెలుసన్నమాట."

"ఎక్కడున్నావు?"

"వాళ్లింట్లోనే, ఓ మూల కుర్చీలో. చుట్టూ వాళ్లే."

"ఉన్న పళంగా బయటికి రా."

"నేను లేస్తే నీకు తెలిసిపోయిందని వాళ్లకు తెలుస్తుంది. మన ఆఫీసుకు పంపినవాళ్లను తొందరపెడతారు. నువ్వు వెళ్లు మరిదీ. నేను ఇంకో కప్పు కాఫీ తాగుతాను."

అతను వైర్‌లెస్ రూమ్ చేరేసరికి అద్దం తలుపుకు లోపలి నుంచి కరెంటు తాళం వేసి ఉంది. ఇన్‌స్పెక్షన్ మేస్త్రీ మొదటి మెషిన్ మూత తీశాడు. పట్టకారులో నల్లటి చిప్పు పట్టుకుని సాకెట్ మీదకు వంగాడు. పక్కనే పెదనాన్న, అదీ పూడ్చడంలో భాగమే అనుకుని, తృప్తిగా చేతులు కట్టుకుని చూస్తున్నాడు. తలుపు బాదితే ఆ గదికి వినపడదు. ఆ మెషిన్లు ఎన్నడూ ఆపకూడదన్నది డిపార్ట్‌మెంటులో మొట్టమొదటి రూలు. మరిది గోడ మీద మెయిన్ స్విచ్చు లాగేశాడు.

అంతా చీకటి. కరెంటు తాళం వదిలేసి తలుపు తెరుచుకుంది. ఫ్యాన్లన్నీ ఆగిపోయిన ఆ నిశ్శబ్దంలో చిన్నగా టిక్కుమంది. చిప్పు సాకెట్లో కూర్చుంది. జనరేటరు అందుకున్న మరుక్షణం అది మాట్లాడుతుంది. మరిది శబ్దం వచ్చిన వైపు దూకాడు. మేస్త్రీ మోచెయ్యి మొహానికి తగిలి, మీసం ఊడి, కళ్లద్దాలు పగిలాయి. ఒక చేత్తో అతని గొంతు పట్టుకుని రెండో చేత్తో బోర్డును తడిమాడు. కింద ఎక్కడో జనరేటరు దగ్గింది. గోరు చిప్పు అంచుకు తగిలింది. పీకాడు. లైట్లు వెలిగాయి.

అరచేతిలో చీమకాళ్లలాంటి కాళ్లతో నల్లటి ముక్క. హెడ్‌ఫోన్లలో కాసేపు ఏమీ లేదు. తర్వాత అవతలివాళ్లు ఒక్కొక్కరే, ఏమైందని, ఎందుకు ఆగారని అడగడం మొదలుపెట్టారు. ఆ గొంతులు వింటూ మరిది నేల మీద కూలబడి, సిగ్గుపడకుండా ఏడ్చాడు.

మేస్త్రీ, డాక్టరు పోయిన వారం లిఫ్ట్ రిపేరుకని దాని పైకప్పు ఎక్కిన మెకానిక్కే అని టైపిస్టు గుర్తుపట్టింది. వదిన బతికింది. ముఠా పారిపోయే హడావిడిలో ఆమెను స్టోర్‌రూమ్‌లో పెట్టి తాళం వేసింది. తనను చంపే తీరిక వాళ్లకు దొరకలేదని ఆమే నవ్వుతూ చెప్పింది.

మర్నాడు మరిది రిపోర్టు ఇచ్చాడు. డాక్టరు ఇవ్వాలనుకున్నదే, ఒకే వాక్యం: ఆ సాకెట్లలో ఏమీ లేదు.

పెదనాన్న దాన్ని చదివాడు. కాగితం తిప్పి వెనకవైపు చూశాడు. లైటుకు ఎత్తిపట్టి చూశాడు. లేచి గది తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అడిగాడు.

"అబ్బాయ్, ఇలా రాయమని నీకు ఎవరు చెప్పారు?"